మంచులో తీతువు కూత

ఈ కథ మీరెప్పుడూ వినలేదు కదర్రా. దుప్పటి కప్పుకుని ఇటు తిరగండి.

అనగనగా కొండల మీద ఒక ఊరు. ఆ ఊరికి పైన, చెట్టన్నది లేని పచ్చిక బయలు. అక్కడ దేముడమ్మ మేకలు మేపేది. వెంట కూతురు రత్తి ఉండేది. రత్తికి మేకల కంటే పిట్టలంటే ఇష్టం. తీతువు పిట్టలు గడ్డిలో నేలమీదే గుడ్లు పెడతాయి. రత్తి కదలకుండా కూర్చుని వాటినే చూసేది.

"అమ్మా, మనం నడిస్తేనే అరుస్తాయే. కూర్చుంటే గమ్మునుంటాయి" అనేది.

"మేకలు కూడా నిన్ను చూసి గమ్మునుంటే బాగుణ్ణు" అనేది దేముడమ్మ.

గాలి ఆగి, పిట్టలు గడ్డిలోకి దిగాయంటే మంచు వస్తున్నట్టే. అప్పుడు పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని తీతువులా కూయాలి. పెద్దవాళ్ళు ఆ కూత పట్టుకుని వస్తారు. అది ఆ ఊరి పద్ధతి. దేముడమ్మకి భయమెక్కువ. అందుకని రత్తి చేత రోజూ కూయించేది, అచ్చం పిట్టలా వచ్చేదాకా.

ఒకరోజు తప్పిపోయిన మేకపిల్ల కోసం రత్తి వెళ్ళింది. అంతలో గాలి ఆగింది. పిట్టలు దిగాయి. చూస్తుండగానే మంచు కమ్మేసింది. బయలు చివర లోయ. దేముడమ్మ చెవులు రిక్కించింది.

"తీ తీ తువ్" అని వినబడింది. అటు పరుగెత్తింది. గుడ్ల మీంచి పిట్ట లేచిపోయింది. ఆ తర్వాత ఇంకోవైపు వినబడింది. అటు పరుగెత్తింది. అదీ పిట్టే. ఆ తర్వాత మూడోవైపు. కాలి కింద రాయి దొర్లి లోయలో పడింది. పడిన చప్పుడు ఎంతసేపటికో గాని వినబడలేదు.

అప్పుడు ఆగింది. ఆగితే రత్తి మాట గుర్తొచ్చింది.

అక్కడే కూలబడింది. కాళ్ళేమో పరుగెత్తమంటున్నాయి. మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒక పిట్ట ఊరుకుంది. ఇంకోటి ఊరుకుంది. అన్నీ ఊరుకున్నాయి. ఒక్క కూత మాత్రం ఆగలేదు.

దేముడమ్మ పాక్కుంటూ, మధ్యమధ్య ఆగి వింటూ అటే వెళ్ళింది. బండ పక్కన రత్తి, ఒళ్ళో మేకపిల్ల.

"ఏటమ్మా ఇంతసేపు? నోరు నొప్పెట్టేసింది" అంది రత్తి.

"కదల్లేదా నువ్వు?"

"కూకోమన్నావు గదా."

దేముడమ్మ పిల్లనీ మేకపిల్లనీ కలిపి ఒళ్ళోకి లాక్కుంది. మంచు విడిచేదాకా వదల్లేదు.

అప్పటినుంచి ఆ ఊరి పిల్లలు కూత కూసి, వెంటనే చేతులు చరుస్తారు. పిట్టలకి చేతులుండవు కదా.

మంచు కొండకి, పిట్ట గుడ్డుకి, కథ కంచికి, మనం ఇంటికి. రేపు మీ పిల్లలకి మీరు చెప్పేటప్పుడు, చేతులు చరచడం మరిచిపోకండేం.