పేడముద్ద మీద అత్త చెయ్యి

అనగనగా అడవి అంచున ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళో పొద్దుగూకితే తలుపు తియ్యాలంటే అందరికీ హడలే. గొంతులు దొంగిలించే దయ్యం ఒకటి తిరిగేది మరి. మీ అమ్మలా పిలుస్తుంది, మీ నాన్నలా దగ్గుతుంది. లోపలివాళ్ళు నమ్మి "రా" అన్నారో, ఉయ్యాల్లో పిల్లని ఎత్తుకుపోతుంది.

రాజుగారు చాటింపు వేయించాడు, ఇంటికో రహస్యపు మాట పెట్టుకోండి, అది చెప్పినవాళ్ళనే రానివ్వండి అని. నాంచారి అనే కోడలి ఇంట్లో "ఉప్పు" అని పెట్టుకున్నారు. దయ్యం కంచె పక్కన నక్కి వినేసింది. అప్పుడు మంత్రి, మాట పొడుగ్గా ఉండాలన్నాడు, అందులో ఒక అంకె, ఒక కాయ, ఒక జంతువు ఉండి తీరాలన్నాడు. వాడింట్లో ముసలమ్మ లేదు కాబోలు! దాంతో "ఉప్పు, ఉప్పు మీద ఉసిరి, ఉసిరి కింద ఉడుత, ఉడుతకి ఏడు తోకలు" అయింది. నాంచారి అత్త సూరమ్మకి అది నోరు తిరిగితేనా? ఉసిరి మీద ఉప్పంటుంది, ఉడుతకి ఆరు తోకలంటుంది.

ఊ కొడుతున్నారా? ఉన్నది మీరిద్దరే కదా, మూడు ఊలు వినపడ్డాయేం? సరే, దగ్గరికి జరగండి.

ఒకనాడు సూరమ్మ పుల్లలకని అడవికెళ్ళింది. నాంచారి మామ ఓబయ్య ఒట్టి వెర్రిబాగులవాడు. అరుగు మీద కూర్చున్నాడా, కంచె అవతల్నుంచి ఎవరో, నేను రాజుగారి బంటుని, మీ మాట సరిగ్గా ఉందో లేదో చూడాలి, చెప్పండి అన్నారు. మర్యాదగా అడిగారు గదా అని ఈయన మొత్తం అప్పజెప్పేశాడు. రాజుగారి బంటుకి మన మాటతో ఏం పనర్రా? నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దీపాలు పెట్టే వేళ తలుపు చప్పుడైంది. "నాంచారీ, నేనే" అని సూరమ్మ గొంతు. పక్కనే ఇంకో సూరమ్మ గొంతు, "అది నేను కాదే, నేనే నేను" అని. లోపల ఉయ్యాల్లో పసిపిల్ల. దయ్యాన్ని రమ్మంటే పిల్ల పోతుంది, తలుపు తియ్యకపోతే బయట దయ్యం పాలపడి అత్త పోతుంది. మాట చెప్పమంది నాంచారి. ఒక గొంతు, ఉప్పు... ఉడుత... అని తడుముకుని ఏడ్చేసింది. ఇంకోటి ఉప్పు, ఉప్పు మీద ఉసిరి, ఉసిరి కింద ఉడుత, ఉడుతకి ఏడు తోకలు అని గడగడా అనేసింది. ఓబయ్య గడియ మీద చెయ్యేశాడు.

నాంచారి ఆపింది. మా అత్త ఏనాడైనా తప్పులేకుండా చెప్పిందా అంది. పిల్లి దూరే కన్నం దగ్గర పచ్చి పేడముద్ద పెట్టి, ఒక్కొక్కరే చెయ్యి లోపలికి పెట్టి పిడక చరచమంది. ముందొక చెయ్యి వచ్చింది. అవే గాజులు, అవే ముడతలు. చరిచింది. చప్పుడే లేదు. ముద్ద మీద ఒక్క గీతైనా పడలేదు. ఆ చెయ్యి ఉయ్యాల వైపు మూరెడు సాగింది, ఇంకో మూరెడు సాగింది. ఎవరూ "రా" అనలేదు గనక అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి పోయింది.

తర్వాత ఇంకో చెయ్యి వచ్చింది. టప్పున చరిచింది. వంకర చిటికెనవేలుతో సహా అచ్చు పడింది. మూలనున్న పిడకల మీద కూడా అదే చెయ్యి. నాంచారి ఆ చెయ్యి వదలకుండానే తలుపు ఓరగా తీసి, రా అత్తా అని లోపలికి లాగేసింది.

సూరమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది, మాట మర్చిపోయానే, నా ఇంట్లోకి నన్నే రానివ్వరనుకున్నానే అని. మర్చిపోతే పోనీలే, నీ చెయ్యి నాకు తెలుసుగా అంది నాంచారి.

సంగతి విని రాజుగారు మాటలన్నీ ఎత్తేసి, ఇంటింటా చేతి అచ్చు పెట్టించాడు. ముసలమ్మలంతా హాయిగా తిరిగారు. దయ్యం మాత్రం ఏడు తోకలు, ఏడు తోకలు అని గొణుక్కుంటూ అడవిలోకి పోయింది.

మన ఇల్లు మనల్ని గుర్తుపట్టాలి గానీ, మనం దానికి పాఠం అప్పజెప్పడమేంటి? అందుకే మీ అమ్మ నా ఫోన్లో పాస్‌వర్డు తీసేసి, వేలు ఆనిస్తే తెరుచుకునేట్టు పెట్టింది. ఎవరైనా ఫోన్ చేసి తియ్యగా ఓటీపీ అడిగారా, మీ అమ్మ గొంతుతో అడిగినా సరే, నేను చెప్పనే చెప్పను. కథేమో కంచి బండెక్కింది, మనం దుప్పట్లోకి.