వానమబ్బు ముఖం ఎందుకు నల్లబడింది

ఒకప్పుడు వానమబ్బులు కూడా దూదిలా తెల్లగానే ఉండేవి. ఏది వట్టి మబ్బో, ఏది కడుపునిండా నీళ్లున్న మబ్బో ఎవరికీ తెలిసేది కాదు. చక్కగా ఎండ కాస్తుండగానే నెత్తిమీద కుండ బోర్లించినట్టు వాన పడేది.

ఆ మబ్బుల్లో ఒక కుర్రమబ్బు ఉండేది. తన నీళ్లతోనే చేలు పండుతున్నాయని దానికి మహా గర్వం. మంచి చేసేటప్పుడు ఎవరికీ చెప్పి చేయనక్కర్లేదని అనుకునేది.

కొండకింద ఊళ్లో ఆదెమ్మ అనే మామ్మ ఉండేది. తల్లులు నాట్లకు పోతే, నడక నేర్చిన పసిపిల్లలందర్నీ తన పాక దగ్గర కనిపెట్టుకుని ఉండేది. ఏ పిల్లనీ ఆటలోంచి చటుక్కున ఎత్తుకుపోయేది కాదు. అన్నం వేళయితే ముందు కంచాలు చప్పుడు చేసేది. నిద్రవేళయితే చాప దులిపేది. తల్లులు వచ్చే వేళయితే కాళ్లు కడిగేది. మాటలు పూర్తిగా రాకపోయినా, తర్వాత ఏం జరగబోతోందో పిల్లలకు తెలిసిపోయేది.

వాళ్లలో రెండేళ్ల పైడి ఒకతె. ఆ రోజు ఇసకలో పిడికిలంత ఇళ్లు కట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే కుర్రమబ్బు వచ్చి, ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా కుమ్మరించింది.

ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి. పిల్లలు గొల్లుమన్నారు. మామ్మ ఇద్దర్ని చంకనేసుకుని, మిగతావాళ్లను పాకలోకి తోలి, తిరిగి చూసేసరికి పైడి లేదు.

వానలో ముందేముందో కనిపించడంలేదు. మామ్మ పిలుస్తూ, జారిపడుతూ, మళ్లీ లేస్తూ కాలవ గట్టు దాకా పోయింది. అక్కడ ముళ్లకంప కింద పైడి దొరికింది. రెండడుగుల అవతల కాలవ పొంగుతోంది. పిల్ల ఏడవడం కూడా లేదు. కళ్లు గట్టిగా మూసుకుని వణుకుతోంది.

మబ్బు పైనుంచి అంతా చూసింది.

మర్నాటినుంచి పైడి పాక మూల వదల్లేదు. ముఖం కడగబోతే చెంబు చూసి కెవ్వుమనేది. కుర్రమబ్బు కొండ వెనక నక్కి మూడు రోజులు ఇదే చూసింది. దానికి తల ఎత్తుకోబుద్ధి కాలేదు. మిగతా మబ్బులు పిలిచినా పోలేదు. నాలుగోరోజు పొద్దున మెల్లగా పాక ముందుకు దిగింది.

పైడిని భయపెట్టింది తానేనని ఒప్పుకుంది. ఇక ఆ ఊరి మీదికి ఎప్పటికీ రానని, పోయి సముద్రంలో కలిసిపోతానని చెప్పింది.

"నువ్వు రాకపోతే మేం తినేదేమిటి?" అంది మామ్మ. "నీళ్లు పోయడం తప్పు కాదు. చెప్పకుండా పోశావు చూడు, అదే తప్పు. పసిపిల్లకి ఇప్పుడున్నదే లోకం. దాన్ని మార్చేముందు ఒక్క మాట చెప్పాలి."

"అంత ఎత్తునుంచి ఎలా చెప్పను మామ్మా?"

అది మాత్రం నువ్వే చూసుకోవాలంది మామ్మ.

మబ్బు పోయి గాలిని బతిమాలింది. తనకంటే ముందు చల్లగా వెళ్లి చెప్పమంది. గాలి సరేనంది.

వారం తర్వాత ముందు గాలి, వెనక మబ్బు బయల్దేరాయి. కాలవ గట్టూ ముళ్లకంపా కనబడగానే మబ్బుకు సిగ్గు ముంచుకొచ్చింది. తెల్లటి ముఖం కాస్తా నల్లబడిపోయింది. దాచుకుందామంటే ఆకాశంలో చాటెక్కడిది?

ఆ రోజే మామ్మ ఎలాగో బుజ్జగించి పైడిని వాకిట్లోకి తెచ్చింది. పిల్ల మళ్లీ ఇసక ముట్టుకుంది. ఇంతలో చల్లగాలి దాని జుట్టు కదిపింది. పైకి చూస్తే నల్లటి ముఖం.

"పైడీ, వాన వస్తోందమ్మా," అంది మామ్మ. "ఇంకొక్క ఇల్లు కట్టు, లోపలికి పోదాం."

మబ్బు నీళ్లు బిగబట్టుకుని ఆగింది. పైడి ఇల్లు కట్టి, దాన్ని అరచేత్తో తట్టి, తనంతట తానే పాకలోకి నడిచింది.

అప్పుడు మబ్బు నాలుగు చినుకులు మాత్రం వేసి చూసింది. పైడి చూరుకింద నిలబడి చెయ్యి చాపింది. ఒక చినుకు అరచేతిలో పడింది. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మబ్బు ఉన్నదంతా కురిసింది. కురిసేకొద్దీ దాని గుండె తేలికపడి, ముఖం తేటపడింది. అయినా ఆ సిగ్గు పూర్తిగా పోలేదు. కురవడానికి వచ్చిన ప్రతిసారీ చేసిన పని గుర్తొచ్చేది. సంగతి విన్న మిగతా మబ్బులు తామూ ఎంతమందిని అలా హడలగొట్టామోనని తలొంచుకున్నాయి.

అప్పటినుంచే వాన వచ్చేముందు చల్లగాలి వీస్తుంది, మబ్బు ముఖం నల్లబడుతుంది, నాలుగు చినుకులు ముందుగా రాలతాయి. కురిసిపోయాక గానీ మబ్బు మళ్లీ తెల్లగా అవదు.