చింతగింజలు ఎక్కని నిచ్చెన

రాజమండ్రిలో వేదాద్రి అని పిల్లల ఆటలు తయారుచేసే ఒకాయన ఉండేవాడు. మనసు మంచిదే గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. బీదవాళ్ళ కష్టం పట్నం పిల్లలకు తెలిసిరావాలని ఆయనకు ఎంతో కోరికగా ఉండేది. అందుకని వైకుంఠపాళి లాంటి పటం ఒకటి గీశాడు. అందులో జ్వరం ఒక పాము, తాగుడు ఒక పాము. అన్నిటికంటే పొడుగు నిచ్చెన బడి. ఆ నిచ్చెన దొరికాక కూడా ఎక్కకపోతే అది ఒట్టి బద్ధకమేనని ఆయన నమ్మకం. ఏ బీదవాణ్ణీ అడిగి చూసింది మాత్రం లేదు. ఒడ్డున కూర్చున్నవాడికి ఈత ఎప్పుడూ తేలికే కదా.

పటం చూపించి రావాలని ఒకనాడు ఊరి బయట ఇటుకబట్టీకి వెళ్ళాడు. అక్కడ పనిచేసేవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చినవాళ్ళు. వాళ్ళ పిల్లలు పటం చుట్టూ మూగి, పావులు చాలక చింతగింజలు పెట్టుకున్నారు. పైడితల్లి అనే పిల్ల చంటి తమ్ముణ్ణి చంకలో పెట్టుకుని ఆటకు కూర్చుంది. అందరూ ఒక్కో గింజ పెడితే తాను రెండు పెట్టింది. ఒకటి తనకు, ఒకటి తమ్ముడికి. గవ్వలు వేసినప్పుడల్లా రెండింటినీ కలిపి జరిపేది.

అలా బడి నిచ్చెన దగ్గరికి చేరింది, కానీ ఎక్కలేదు. నిచ్చెన వెంట పైదాకా వేలు మెల్లగా జరిపి, మళ్ళీ కిందికి తెచ్చుకుంది.

వేదాద్రికి చిరాకేసింది. "చేతికందిన నిచ్చెన వదులుకుంటావేం?" అని అడిగాడు.

"బడికి నన్నొక్కదాన్నే రమ్మన్నారు బావూ. అమ్మ మట్టి తొక్కుతాది. ఈడ్ని ఎవులు సూస్తారు?" అంది.

అప్పుడే రోడ్డవతల బడిలో గంట కొట్టారు. పైడితల్లి అటే చూస్తూ, "ఒక్క పూట ఈడ్ని సూస్తావా బావూ? ఎల్లొచ్చేస్తాను," అంది.

వేదాద్రికి ఆ పిల్ల మీద జాలేసింది. కానీ ఆయన ధ్యాసంతా అప్పటికే పటం మీదికి పోయింది. ఆటలో ఇంత పెద్ద తప్పు ఉందా అని, దిద్దుకోవాలనే తొందరలో పడ్డాడు. మళ్ళీ వస్తానని చెప్పి పటం చుట్టేసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆట మార్చాడు. ప్రతివాళ్ళూ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు గింజలతో ఆడాలి. ఇంకొకరు తమ వంతు వదులుకుని చిన్న గింజను పట్టుకుంటేనే పెద్ద గింజ నిచ్చెన ఎక్కాలి. పట్నం బళ్ళలో పిల్లలు ఆడారు. గెలుపు దగ్గరికొచ్చిన పిల్లలు కూడా ఆగి, పక్కవాళ్ళ గింజను గుప్పిట్లో పట్టుకున్నారు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఆ సంబరంతో కొత్త పటం తీసుకుని బట్టీకి పరుగెత్తాడు. అప్పటికే వానలు పడ్డాయి. బట్టీ ఆరిపోయింది, పనివాళ్ళ పాకలు పీకేశారు. వాళ్ళు ఏ ఊరు వెళ్ళారో కాపలావాడికీ తెలియదు.

రోడ్డవతల బడిగంట మోగింది. వేదాద్రి ఆ పిల్ల చూసినట్టే అటు చూస్తూ నిలబడ్డాడు. ఆటను దిద్దడానికి దొరికిన తీరిక, ఆ పూట పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి దొరకలేదే అని కుమిలిపోయాడు. ఆ తరవాత ఎక్కడ బడిగంట విన్నా, ఆయన చేతులు ఆ చంటివాడి కోసం ముందుకు సాగేవి.

నీతి: ఎదుటివారి కష్టం తెలుసుకుంటే చాలదు, వారి బరువును మన చేతుల్లోకి తీసుకోవాలి, అదీ వారు అడిగిన పూటే.