కింది కొమ్మ మీది కాపలా

అనగనగా ఒక అడవిలో ఒక దుప్పుల మంద, దానికి కాపలాగా జంగయ్య అనే ముసలి కొండముచ్చు. ఈ కథ మీ తాతయ్యకి కూడా వినిపించండి పిల్లలూ, కోప్పడినా సరే.

పులి కనబడితే కొండముచ్చు చిటారుకొమ్మ నుంచి కూత పెట్టాలి. ఆ కూత వింటే దుప్పులు మేత వదిలి పరుగెత్తాలి. అది తాతల నాటి ఒప్పందం.

ముసలితనంలో జంగయ్యకి చెట్టెక్కడం కష్టమైంది. అందులో తప్పేమీ లేదు. ఆ మాట చెప్పుకోవడానికే ఆయనగారికి నామోషీ! కింది కొమ్మ మీద కాళ్ళు చాపుకుని కూచుని, కాకి తెచ్చిన కబురల్లా తాను చూసినట్టే చాటేవాడు.

మొదట కాకి, "తాతా, చెలమలో విషం కలిసిందట!" అంది. జంగయ్య చాటాడు. దుప్పులు ఆ నీళ్ళు మానేశాయి.

"చూశారా, నా వల్లే బతికారు!" అని విర్రవీగాడు. విషం ఉందో లేదో చూసిన పాపాన పోలేదు.

తర్వాత, "ఇప్పపూలు తింటే కళ్ళు పోతాయట!" అంది కాకి. అదీ చాటాడు. ఆ ఏడు రాలిన పూలన్నీ మట్టిపాలయ్యాయి.

చంద్రి అనే చూలు దుప్పి ఉండబట్టలేక అడిగింది. "తాతా, నువ్వు కళ్ళారా చూశావా? కాకికి ఎవరు చెప్పారట?"

"నా తోకంత లేవు, నాకే పాఠాలు చెబుతావా?" అని కసిరాడు జంగయ్య.

మూడోసారి కాకి రొప్పుతూ వచ్చింది. "తాతా, వాగు దగ్గర పులి! మందని లోయలోకి పంపించు! ఆలోచిస్తూ కూచుంటే అందరూ చస్తారు!"

నాలుగు కొమ్మలెక్కితే వాగు కనిపిస్తుంది. తాను ఎక్కలేకపోతే ఇంకొకరిని ఎక్కమనవచ్చు. అమ్మో, పెద్దరికం ఏమైపోవాలి! "పులి! లోయలోకి పరుగెత్తండి!" అని గొంతు చించుకున్నాడు.

మంద లోయలోకి ఉరికింది. అక్కడ రేచుకుక్కల గుంపు కాచుకుని ఉంది. మిగతా దుప్పులు ఎలాగో గట్టెక్కాయి. కడుపు బరువుతో చంద్రి ఎక్కలేకపోయింది.

జంగయ్య దేకుతూ వెళ్ళేసరికి చంద్రి ఎముకలే మిగిలాయి. వాటి మీద కాకి కూచుని ఉంది.

"దొంగా! పులి ఏదే?" అని అరిచాడు.

"నాకేం తెలుసు తాతా? రేచుకుక్కలు చెప్పమన్నాయి, చెప్పాను. నా కూడు నాకు దొరికింది" అంది కాకి తాపీగా. "అయినా నేను అరిస్తే ఒక్క దుప్పి కదిలేదా? అవి పరుగెత్తింది నీ మాట మీద."

జంగయ్య లబోదిబోమని నోరు కొట్టుకున్నాడు. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగని నోరు అది, ఇప్పుడు కొట్టుకుని మాత్రం ఏం లాభం?

నీతి: పదిమంది నీ మాట నమ్ముతారని తెలిసీ, నిజమో కాదో చూడకుండా విన్నదల్లా చాటితే, ఆ పదిమందినీ నీ చేత్తో గోతిలో తోసినట్టే.