జెండాకీ బంతికీ మధ్య

సుచరిత ఎటు చూసి కొట్టినా బంతి కుడికే పోయేది.

ఎంత కుదురుగా నిలబడనీ, స్టిక్కు ఎంత జాగ్రత్తగా పట్టుకోనీ, అంతే. మొదట గుంతలో పాతిన జెండావైపే బయల్దేరినట్టు బయల్దేరేది. సగం దూరం పోయాక ఏదో మరిచిపోయినట్టు కుడికి వంగి, మొగలిపొదల్లో పడేది. విశాఖపట్నంలో కొండవాలుకీ సముద్రానికీ నడుమ ఉన్న ఆ గోల్ఫ్ మైదానంలో మొగలిపొదలున్నది ఒక్క అంచునే. ఆమె బంతులకి ఆ అంచు బాగా అలవాటైపోయింది.

ఆటలు తెలియని మనిషి కాదు సుచరిత. షటిల్ బ్యాడ్మింటన్‌లో రాష్ట్రం తరఫున ఆడింది. గెలిచింది, ఓడింది. రెండూ ఆమెకి కొత్త కాదు. కానీ చెయ్యి మాట వినకపోవడమంటే ఏమిటో అప్పటిదాకా ఎరగదు. మణికట్టు ఇంత విదిలిస్తే చాలు, అవతలివాళ్ళు కలలో కూడా అనుకోని మూలకి వెళ్ళి వాలేది షటిల్. పోటీలు మానేశాక ఒక అకాడమీలో పిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది. అందులోనూ మంచి పేరే తెచ్చుకుంది.

తర్వాత మోకాలు పోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక జన్మలో ఎగరొద్దన్నాడు. అకాడమీవాళ్ళు కుర్చీలో కూర్చునైనా పిల్లలకి చెప్పమని కబురు చేశారు. ఆమె వెళ్ళలేదు. తను ఎగరలేని మనిషి ఇంకొకళ్ళని ఎగరమని ఏ ముఖంతో చెబుతుంది? లోపల పరిగెత్తే పిల్లల బూట్ల కీచు చెవిన పడుతుందని ఆ వీధిలోంచి వెళ్ళడమే మానుకుంది.

ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుందని వాళ్ళ అన్నయ్యే ఆమెని గోల్ఫ్ మైదానానికి తీసుకొచ్చి ఇమ్మానియేలు మాస్టారికి అప్పగించాడు. కదలకుండా పడున్న బంతిని కొట్టడం కూడా ఒక ఆటేనా అనుకుంది సుచరిత ఆ రోజు.

ఇమ్మానియేలు మాస్టారు నేవీలో వ్యాయామం నేర్పే పని చేసి, బయటికొచ్చాక ఈ మైదానంలోనే స్థిరపడ్డ మనిషి. డెబ్బై దాటాయి. సన్నగా, పొడుగ్గా, నెత్తిన తెల్ల గుడ్డ టోపీతో, ఎండలో పాతిన కర్రలా నిలబడి చూస్తుంటారు. మాట బహు తక్కువ. బాగుందనరు, బాగాలేదనరు. ఆమె మొదటి బంతి కొట్టగానే మాత్రం ఎడమ మణికట్టువైపు వేలు చూపించి, "నీ పాత ఆట ఇక్కడుంది" అన్నారు. అని, ఆమె గడియారం పట్టీ కింద ఒక చెక్క స్కేలు దోపించారు. మణికట్టు వంగితే స్కేలు చేతిని పొడుస్తుంది. ఇక ఆయన నోరు తెరవాల్సిన అవసరమే ఉండేది కాదు. రోజంతా స్కేలే పాఠం చెప్పేది.

తర్వాత బంతి లేకుండా స్టిక్కు తిప్పమన్నారు. పాదాలు రెండూ దగ్గరపెట్టి తిప్పమన్నారు. కళ్ళు మూసుకుని తిప్పమన్నారు. ఆమె చేసింది. చేస్తూనే ఆయన్ని కనిపెట్టి చూసేది. తనూ నేర్పిన మనిషే కదా. తనైతే పిల్లలకి ఇవాళ ఇది కుదిరింది, రేపు అది సరిచేద్దాం అని ఏ రోజుకారోజు చెప్పి పంపేది. ఈయన స్కేలు తీసెయ్యమన్న రోజున కూడా ఎందుకో చెప్పలేదు.

ఆమెతో పాటే చేరిన ఇంకొకాయన పరదేశినాయుడు గారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. బొజ్జ అడ్డమొచ్చి స్టిక్కు సగమే తిరిగేది. బంతి ఎక్కువ దూరం పోయేది కాదు గానీ, పోయినంత దూరం దారపు పోగులా తిన్నగా పోయేది. అది చూసి సుచరితకి లోపల మండేది. పైగా ఆయన మంచి మనిషి. "నీకూ వచ్చేస్తుందమ్మా" అని ఓదార్చేవారు. ఆ ఓదార్పు ఆమెకి స్కేలు కన్నా గట్టిగా పొడుచుకునేది.

అలాగని ఆమె బంతి నేరుగా పోనే పోదని కాదు. పోయేది. ఈ మధ్య తరచుగానే పోతోంది. అలా పోయినప్పుడల్లా నాయుడు గారు చప్పట్లు కొట్టేవారు. సుచరిత వాటిని లెక్కలో వేసుకునేది కాదు. గాలి తోసిందనుకునేది, గుడ్డిదెబ్బ అనుకునేది. మొగలిపొదల్లో పడ్డవే తనవి, మిగతావి ఎవరివో.

అలా ఉండగా ఒక సాయంత్రం అకాడమీ నుంచి ఫోనొచ్చింది. కొత్త పిల్లలు చేరుతున్నారు, ఇక ఆగలేం, వస్తావో రావో రేపటికల్లా చెప్పు, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటాం అన్నారు. వాళ్ళ మాటలో తప్పేం లేదు. కానీ ఫోను పెట్టేశాక ఆమెకి ఒక ఆలోచన పట్టుకుంది. అసలు నేర్పితే ఎవరికైనా వస్తుందా? తన దగ్గర నేర్చుకున్న పిల్లలు తను చెప్పబట్టి నేర్చుకున్నారా, లేక రావలసినవాళ్ళకి వచ్చింది, తను పక్కన నిలబడి అది తన గొప్పే అనుకుందా? ఇన్నాళ్ళుగా ఇంత శ్రద్ధగా నేర్చుకుంటున్న తనకే రానప్పుడు, నేర్పడమన్నదే ఒక భ్రమేమో.

పొద్దున్నే మైదానానికి వచ్చింది. సముద్రం మీద నుంచి చల్లటి గాలి వస్తోంది. మొదటి బంతి పొదల్లోకి పోయింది. రెండోదీ అంతే. మూడోది తీసి పెట్టబోయి, ఆగిపోయింది.

మాస్టారు కాస్త అవతల నాయుడు గారి భుజాలు సరిచేస్తున్నారు.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను. నిజం చెప్పండి. మీ పాఠాలు నాకు ఎక్కుతున్నాయా?"

ఆయన ఇటు తిరిగారు. జవాబు చెప్పలేదు.

చెప్పి ఉంటే ఆమె అక్కడితో ఆగేదేమో. ఆ మౌనం చూసేసరికి లోపలున్నదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చింది. వచ్చిన రోజు ఎలా ఉన్నానో ఇవాళా అలాగే ఉన్నానంది. స్కేలు పెట్టమంటే పెట్టాను, కళ్ళు మూసుకోమంటే మూసుకున్నాను, బంతి కుడికి తప్ప ఇంకెటూ పోదని తేలిపోయిందంది. ఇక రానంది. చివరికి, "నాకు నేర్చుకోవడం రాదో, మీకు నేర్పడం రాదో" అనేసింది.

అన్నాక ఆ మాట విని ముందు అదిరిపోయింది ఆమే. తన దగ్గర నేర్చుకున్న పిల్ల ఎవరైనా తనని ఆ మాట అని ఉంటే ఆ రాత్రి అన్నం సహించేది కాదు. వెనక్కి తీసుకుందామనుకుంది. నాయుడు గారు నేలచూపులు చూస్తూ ఉండిపోయారు.

మాస్టారికి కోపం వచ్చినట్టు లేదు. దగ్గరికొచ్చి, వంగి ఒక బంతి తీశారు. ప్యాంటుకి తుడిచి, ఆమె ముందు గడ్డి మీద పెట్టారు.

"జెండా కనబడుతోందా?"

ఆమె తలూపింది.

ఆయన జెండావైపు నడవడం మొదలుపెట్టారు. మనసు కష్టపెట్టుకుని వెళ్ళిపోతున్నారనుకుంది సుచరిత. కానీ ఆయన వెళ్ళిపోలేదు. మాట వినపడేంత దూరం తిన్నగా నడిచి, వెనక్కి తిరిగి నిలబడ్డారు. చేతులు రెండూ వెనక కట్టుకున్నారు. జెండా కర్ర ఆయన వెనక దాగిపోయింది. ఎర్రగుడ్డ ఒక్కటే ఆయన టోపీ మీదుగా రెపరెపలాడుతూ కనిపిస్తోంది.

"కొట్టు తల్లీ."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టిక్కు దించేసింది. ఆ బంతి గట్టిదనం ఆమెకి తెలుసు. కొబ్బరిచెట్టుకి తగిలితే బెరడు లేచిపోవడం కళ్ళారా చూసింది. పక్కకి రమ్మని ఆయన్ని బతిమాలింది. తప్పుగా మాట్లాడాను, మనసులో పెట్టుకోవద్దంది.

"కుడికే పోతుందన్నావుగా," అన్నారు ఆయన నింపాదిగా. "నేను కుడివైపు లేను."

నాయుడు గారు స్టిక్కు కింద పడేసి ముందుకొచ్చి, ఇదేం పని మాస్టారూ అని కేకేశారు. ఆయన అరచెయ్యి ఎత్తి అక్కడే ఆగమన్నట్టు చూపించారు. మళ్ళీ చేతులు వెనక్కి కట్టుకున్నారు.

అప్పుడు సుచరితకి కోపం వచ్చింది. ఒక్క మాట అన్నందుకు ఇంతలా శిక్షించాలా? సరే, కొడతాను. ఎప్పటిలాగే పొదల్లోకి పోతుంది. అప్పుడు ఈ పెద్దమనిషికీ తెలిసొస్తుంది, తన మాట అబద్ధం కాదని. అలా అనుకుని బంతి దగ్గర నిలబడింది. ఊపిరి తీసుకుంది. స్టిక్కు ఎత్తింది.

మణికట్టు వంగలేదు. భుజం తిరిగింది. ఒంటి బరువంతా ఆపరేషనైన మోకాలి మీదకి వచ్చింది. మోకాలు దాన్ని మోసింది. స్టిక్కు తల వెనక ఒక్క క్షణం ఆగి, కిందికి దిగడం మొదలుపెట్టింది.

సరిగ్గా అక్కడ ఆమెకి తెలిసిపోయింది. పూర్వం రాకెట్టు షటిల్‌ని తాకకముందే అది ఎక్కడ వాలుతుందో తెలిసినట్టే తెలిసిపోయింది. బంతి కుడికి పోదు. మాస్టారి చొక్కా మీది బొత్తాలు కళ్ళముందు ఒక్కొక్కటే విడివిడిగా కనిపించాయి.

చెయ్యి ఆగే దశ దాటిపోయింది. ఉన్న బలమంతా పెట్టి స్టిక్కుని పక్కకి, నేలలోకి తిప్పేసింది. బంతికి జానెడు ఇవతల దిగబడింది అది. ఎర్రమట్టి పెళ్ళ లేచి ఆమె ముఖం మీద, చొక్కా మీద చిందింది. దెబ్బ మోచేతుల దాకా జివ్వున పాకింది. బంతి ఎక్కడిదక్కడే ఉంది.

స్టిక్కు వదిలేసి, అక్కడే గడ్డిలో కూలబడింది.

"ఎందుకాపావు?" అని అక్కడి నుంచే అడిగారు మాస్టారు.

"మీకు తగుల్తుంది."

ఆ మాట ఎవరో అన్నట్టు వినిపించింది సుచరితకి. మట్టిచేత్తోనే నోరు మూసుకుంది. అలా మూసుకుని, కదలని బంతివైపు చూస్తూ ఉండిపోయింది.

మాస్టారు నెమ్మదిగా నడిచి వచ్చారు. నాయుడు గారు ఊరుకోలేదు. ఆయన్ని పట్టుకుని నానా మాటలూ అన్నారు. కణతకి తగిలి ఉంటే ఏమయ్యేదన్నారు, మీకేమైనా అయితే ఈ పిల్ల జన్మంతా ఏమైపోవాలన్నారు, వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదన్నారు. బ్యాంకులో పనిచేసినంత కాలం ఎవరినీ అలా అని ఉండరు. మాస్టారు అన్నీ విన్నారు. మీరన్నది నిజమేనన్నట్టు తలూపారు. నాయుడు గారు ఇక చెయ్యగలిగిందేమీ లేక, అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు.

మాస్టారు టోపీ తీసి, సుచరిత పక్కనే గడ్డిలో కూర్చున్నారు. ఆయన మంచినీళ్ళ సీసా అందుకుని మూత తిప్పారు. అది రాలేదు. మళ్ళీ తిప్పారు. అప్పుడు చూసింది సుచరిత. సముద్రపు గాలి ఇంత చల్లగా వీస్తున్నా ఆయన తెల్లజుట్టు చెమటకి తలకి అంటుకుపోయి ఉంది. చొక్కా వీపంతా తడిసిపోయింది. మూత మీద ఆయన వేళ్ళు నిలవడం లేదు. జారిపోతున్నాయి.

ఆమె అదిరిపడి ఆయన ముఖంలోకి చూసింది. సీసా తీసుకుని మూత తీసి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగారు. సగం నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి.

"మాస్టారూ," అంది, "మీకు భయం వేసిందా?"

ఆయన చేతి వెనకభాగంతో మూతి తుడుచుకున్నారు.

"వెయ్యదా తల్లీ? నేర్పింది నేనే కదా."