అధికారికి సాక్షులెవరు?

కదల్లేని వాళ్ల ఇళ్లకు పల్లకీలో వచ్చి, దస్తావేజుల మీద రాజముద్ర వేసిపోయే అధికారి ఒకడుండేవాడు. బుట్టలల్లే నూకాలమ్మ మంచంలోంచే తన గుడిసెను మేనకోడలికి రాసిచ్చింది. ముద్ర పడకముందే తాను పోతే అది దివాణం పాలే.

"నువ్వే నూకాలమ్మవని ఎవరు చెబుతారు?" అన్నాడు ముద్ర వేయడానికొచ్చిన అధికారి.

ఇరుగుపొరుగువాళ్లు ముందుకొచ్చారు.

"జానెడు నేల లేనివాళ్ల సాక్ష్యం చెల్లదు."

నూకాలమ్మ మంచం మీంచి తల ఎత్తింది. "అలాగే బాబయ్యా. మరి తమరే అధికారి అని మాకెవరు చెబుతారు? ఈ ఊళ్లో తమరిని ఎవరూ ఎరగరే!"

"ఈ బోయీలను అడుగు, పదేళ్లుగా నన్ను మోస్తున్నారు!"

ఆమె గుమ్మంలో నిలబడ్డ బోయీల వైపు తిరిగింది. "మీకు నేల ఎంతుంది నాయనా?"

ముసలి బోయీ కాయలు కాసిన భుజం తడుముకున్నాడు.

అధికారి కలం తీశాడు. "ఆ సాక్షుల పేర్లు చెప్పండి."