అరికాలికి అరికాలు

ఓబులేసు మంచం మీద పడుకోవడానికి చోటు లేదు. రెండు ఇంజిన్ల విమానం నడపడం గురించి దొరికిన పుస్తకమల్లా కొని పరిచాడు. తోటివాళ్ళంతా పరీక్ష గట్టెక్కి వెళ్ళిపోయారు. రన్‌వే పక్కనున్న హాస్టల్లో ఇప్పుడు అతనొక్కడే. ఏదో ఒక గొంతు వినబడుతుందని పాఠాలు పైకి చదువుకునేవాడు.

మొదటి పరీక్షలో పరీక్షకుడు ఎడమ ఇంజిన్ ఆగిపోయినట్టు చేశాడు. అలాంటప్పుడు విమానం ఆగిన ఇంజిన్ వైపుకు తిరిగిపోతుంది. రెండోవైపు పెడల్ తొక్కి దాన్ని నిలబెట్టాలి. ఆగినదేదో తేల్చుకుని, దాని మీట లాగి పూర్తిగా కట్టేయాలి. ఓబులేసు పెడల్ బాగానే తొక్కాడు. చెయ్యి మాత్రం శుభ్రంగా నడుస్తున్న కుడి ఇంజిన్ మీటను లాగబోయింది. పరీక్షకుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

రేపు రెండో పరీక్ష. ఇదీ పోతే ఫ్లయింగ్ స్కూల్లో ఇక చోటు లేదు.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పుస్తకాలు పెరిగేకొద్దీ అతనికి తెలిసింది తగ్గుతూ వచ్చింది. ఒకటి మీటర్లు చూడమంటుంది, ఇంకొకటి వాటిని నమ్మొద్దంటుంది. చివరికి అన్నీ సంచిలో వేసుకుని కెప్టెన్ దస్తగిరి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చాలామందికి విమానం నడపడం నేర్పిన పెద్దాయన. ఉద్యోగం అయిపోయినా విమానాల షెడ్డు వెనక గదిలోనే ఒంటరిగా ఉంటారు.

"సార్, రేపటికి వీటిల్లో ఏది సదవాలో మీరే ఏరి ఇయ్యండి."

"విమానంతో పాటు వచ్చిన పుస్తకం సదివినావా?"

"సదివినా సార్. కళ్ళు మూసుకుని ఒప్పజెప్తా."

"అయితే బూట్లిప్పు."

ఆయన ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో కూర్చుని కాళ్ళు చాచారు. "నీ అరికాళ్ళు నా అరికాళ్ళకు ఆనించు."

ఓబులేసు గతుక్కుమన్నాడు. "గురువుకు కాలు తగిలించేదా సార్? పాపం!"

"ఆ పాపమేదో నాకే రానీలే. పెట్టబ్బీ."

పెట్టాడు. పగుళ్ళు బారిన వెచ్చటి పాదాలు. ఇంకో మనిషి తగిలి ఎన్నాళ్ళయిందో!

"కళ్ళు మూసుకో. నా కాళ్ళే పెడళ్ళనుకో. నేను తోస్తా, నువ్వు కదలనీకు."

కుడి అరికాలి మీద బరువు పడింది. ఓబులేసు బలంగా ఎదురు తోశాడు.

"ఏ ఇంజిన్ సచ్చింది?"

"కుడిది సార్."

దస్తగిరి కాలు తియ్యలేదు. అలాగే తోస్తూ ఉన్నారు. ఓబులేసు తొడ వణకసాగింది. బరువు ఉన్నచోటే లోపమూ ఉందనుకుంటాం గదా, మనమంతా అంతే.

"ఏ కాలు ఊరకుంది?"

తనకింకో కాలుందని అప్పుడు గుర్తొచ్చింది ఓబులేసుకు. అది ఏ పనీ లేక మెత్తగా పడుంది.

"ఎడమది సార్." తొక్కుతున్న కాలు నడుస్తున్న ఇంజిన్ వైపుదన్నమాట. "సచ్చింది ఎడమదే."

ఆయన కాలు మార్చారు. మళ్ళీ మార్చారు. ఇక అడగలేదు, ఓబులేసే చెబుతూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు. అయినా చాలని అనలేకపోయాడు. ఆ పాదాలు తీసేస్తారేమోనని అతని బెంగ.

తీసేశారు.

"ఇంకొక్కసారి తోయండి సార్" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

"రేపు తోసేది నేను కాదబ్బీ. గాలి. అదీ ఇట్లానే తోస్తుంది."